వెండి లేని రోజుల లెక్క

మా బాపమ్మ కాళ్ల కడియాలు ఒకప్పుడు రూపాయలు. పెళ్లప్పుడు తల్లిగారు ఇచ్చిన హాలీ సిక్కాలు, చార్మినార్ బొమ్మ ఉన్నవి, కొన్నేళ్లు సందుగలో మూటగట్టి దాచుకుంది. నిజాం సిక్కా ఇక చెల్లదని ఊర్లో మాట పుట్టగానే కోరుట్లకు పోయి అవుసులాయన దగ్గర కరిగించింది. "పైసలు పోతయి గాని వెండి యాడికి పోతది?" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందులో ఒక ఆర్థిక సిద్ధాంతం ఉందని మాత్రం ఈమధ్యే తట్టింది, అదీ యూరప్ నాణేల మీద ఒక పుస్తకం చదువుతుంటే.

పుస్తకం రోరీ నైస్మిత్ రాసిన 'మేకింగ్ మనీ ఇన్ ది అర్లీ మిడిల్ ఏజెస్', 2023లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. రోమ్ పడిపోయాక పశ్చిమ యూరప్‌లో నాణేన్ని ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరి చేతికి అందింది అన్నది విషయం. జగిత్యాల జిల్లావాడికి దీంతో ఏం పని అని అడగొచ్చు. చదవడం మొదలుపెట్టినప్పుడు నేనూ అదే అనుకున్నాను. సగానికి వచ్చేసరికి కోటిలింగాల, వేములవాడ, మా బాపమ్మ సందుగ, అన్నీ ఆ పేజీల్లోకి వచ్చి కూర్చున్నాయి. మన చరిత్రను మనం ఎలా చదువుతున్నామన్న దాని మీద కొంత అసంతృప్తి కూడా మొదలైంది. ఈ వ్యాసం ఆ అసంతృప్తి గురించే.

ముందు యూరప్ కథ కొంచెం. ఏడో శతాబ్దం చివరి భాగానికి ఫ్రాన్స్, ఇంగ్లండ్ ప్రాంతాల్లో చిన్న బంగారు నాణేలు అంతకంతకూ నాసిరకం అయిపోయి, వాటి జాగాలో వెండి నాణేలు వచ్చాయి. ఫ్రాంకులు దాన్ని దెనియే అన్నారు, ఇంగ్లీషువాళ్లు పెన్నీ అన్నారు. 793-94 ప్రాంతంలో షార్లమేన్ దాని బరువు పెంచి సుమారు 1.7 గ్రాములు చేశాడు. పన్నెండు దెనియేలు ఒక సూ, ఇరవై సూలు ఒక పౌను, అంటే పౌనుకు 240. బ్రిటన్ 1971 దాకా ఆ లెక్కలోనే బతికింది. మనకు పదహారణాల రూపాయి ఎట్లాగో వాళ్లకు అది అట్లా.

ఇంత వెండి ఎక్కడిది? దీనికి 2024లో ఆసక్తికరమైన జవాబు దొరికింది. జేన్ కెర్షా, నైస్మిత్, వాళ్లతోపాటు మరికొందరు కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియం నుంచి 49 నాణేలు తీసుకుని, వెండిలో కలిసి ఉన్న సీసం జాడను బట్టి దాని పుట్టుక వెతికారు. 660 నుంచి 750 మధ్య కొట్టిన నాణేల వెండి అప్పటి గనుల్లోది కాదు. అది బైజాంటియమ్ నుంచి ఎప్పుడో వచ్చి పెద్ద ఇళ్లలో, చర్చిల్లో ఉండిపోయిన పాత వెండి. పళ్లాలు, గిన్నెలు, పాత్రలు కరిగించి నాణేలు చేశారన్నమాట. ఆ తరువాతి కాలంలో, ముఖ్యంగా షార్లమేన్ రోజుల్లో, ఫ్రాన్స్‌లోని మెల్ గని వెండి ముందుకొచ్చింది.

వాళ్లు గిన్నెలు కరిగించి నాణేలు చేసుకున్నారు, మా బాపమ్మ నాణేలు కరిగించి కడియాలు చేసుకుంది. దిశ మారింది గాని పని ఒకటే. వెండి ఎప్పుడు నాణెం అవుతుంది, ఎప్పుడు నగ అవుతుంది అనేది వెండి చేతిలో లేదు. దాన్ని ఎవరు అడుగుతున్నారు, ఏ రూపంలో అడుగుతున్నారు అనే దాంట్లో ఉంది. నైస్మిత్ పుస్తకం నాకు నేర్పింది ఇదే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. డిగ్రీలోనో గ్రూప్స్ కోచింగ్‌లోనో భారతదేశ తొలి మధ్యయుగం చదివినవాళ్లకు ఒక బొమ్మ గుర్తుండే ఉంటుంది. గుప్తుల తరువాత నాణేలు తగ్గాయి, వ్యాపారం పడిపోయింది, పట్టణాలు పాడుబడ్డాయి, రాజులు జీతాలకు బదులు భూములు దానం చేశారు, రైతు భూమికి కట్టుబడిపోయాడు. ఇది ఆర్. ఎస్. శర్మ 1965లో 'ఇండియన్ ఫ్యూడలిజం'లో గీసిన బొమ్మ. దాని బలం తక్కువది కాదు. రాజుల వంశవృక్షాల్లో కూరుకుపోయిన చరిత్రను రైతు దగ్గరికి తెచ్చిన పుస్తకం అది. భూదాన శాసనం అంటే పుణ్యకార్యం అనుకునే రోజుల్లో, ఆ దానంలో పోయింది ఎవరి కష్టం అని అడిగింది.

కానీ ఆ బొమ్మలో నాణెం చేసే పని మీదే నాకు పేచీ. నాణెం లేకపోతే వ్యాపారం లేదు, వ్యాపారం లేకపోతే క్షీణత, అనే గొలుసు అందులో ఉంది. ఆ గొలుసులో మొదటి కొక్కేన్నే జాన్ డెయెల్ పట్టుకుని గుంజాడు. 1990లో వచ్చిన ఆయన పుస్తకం పేరే 'లివింగ్ వితౌట్ సిల్వర్'. వెండి లేకుండా బతకడం. ఉత్తర భారతంలో తక్కువైంది వెండి గాని నాణేలు కావు అంటాడాయన. ఉన్న కాస్త వెండిలో రాగి కలిపి సాగదీశారు. రాజు పేరు లేకుండా, అరిగిపోయిన బొమ్మలతో, ఒకే రకాన్ని తరాల తరబడి కొట్టారు. చూడ్డానికి అందవిహీనంగా ఉండే ఆ నాణేలను సేకర్తలు పట్టించుకోలేదు, కేటలాగుల్లో వాటికి రెండు లైన్లు దక్కాయి. రకాలు తక్కువ ఉంటే నాణేలే తక్కువ అని చరిత్రకారులు లెక్కేశారు.

ఈ పాయింటు దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే సరిగ్గా ఇదే తప్పు మన జిల్లాలో మనం చేస్తున్నాం, కాకపోతే తలకిందులుగా.

కోటిలింగాల సంగతే తీసుకోండి. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న ఊరు. అక్కడి నాణేలను పి. వి. పరబ్రహ్మశాస్త్రి చదివి వెలుగులోకి తెచ్చాక శాతవాహనుల చరిత్ర మొదటి పేజీ మారిపోయింది. ఛిముక పేరున్న నాణేలు దొరికాయి. అంతకుముందు ఏలిన గోభద, నారన, కంవాయసిరి, సమగోప లాంటి పేర్లు బయటికొచ్చాయి. వేరే ఏ గ్రంథంలోనూ లేని రాజులు వేలిగోరంత లోహం మీద బతికి ఉన్నారు. ఇది మామూలు సంగతి కాదు, గర్వపడాల్సిందే. నేనూ పడ్డాను.

కానీ ఆ తరువాత మనం ఏం చేశాం? నాణేన్ని ఆధార్ కార్డులా చదివాం. పేరు చూశాం, చిరునామా చూశాం, "శాతవాహనులు మావాళ్లే" అని జిరాక్స్ తీసి పెట్టుకున్నాం. కోటిలింగాల మీద తెలుగులో నేను చదివిన వ్యాసాల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి. అదే ఊర్లో పేరు లేని వెండి నాణేలు కూడా దొరికాయి. చంద్రుడు, కొండ, చెట్టు లాంటి గుర్తులు అచ్చుగుద్దిన విద్ధాంక నాణేలు. వాటికి ఒక వాక్యం దక్కితే గొప్ప. శాతవాహనులు ఎక్కువగా కొట్టించింది వెండి కాదు, సీసం, రాగి, పోటిన్. దక్కనులో వాళ్ల పేరుతో వెండి నాణేలు, రాజు ముఖం ఉన్నవి, తరువాతి రాజులవే. దగ్గర్లోని పెద్దబంకూరులో వేల సంఖ్యలో శాతవాహన నాణేలు బయటపడ్డాయి. సీసపు నాణెం అంటే చిల్లర. చిల్లర ఉందంటే గింజలో, కుండలో, నూనెనో కొద్దికొద్దిగా కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఉన్నారని అర్థం. రాజు ముఖమున్న వెండి నాణెం రాజు గురించి చెప్తుంది. ముఖం లేని సీసం ముక్క సంతకు వచ్చిన మనిషి గురించి చెప్తుంది. మనం మొదటిదానికి ఫ్రేము కట్టి, రెండోదాన్ని లెక్కల్లో వదిలేశాం.

శర్మ నాణెం లేకపోవడాన్ని పతనానికి సాక్ష్యం అన్నాడు. మనం నాణెం ఉండటాన్ని వైభవానికి సాక్ష్యం అంటున్నాం. రెండూ ఒకే చూపు. ఎన్ని ఉన్నాయి, ఎవరి పేరు ఉంది అని చూస్తాయి గాని, ఎవరు ఎవరిని దాన్ని తెమ్మన్నారు అని అడగవు.

ఈ ప్రశ్నను నైస్మిత్ బాగా అడుగుతాడు. తొలి మధ్యయుగపు యూరప్‌లో నాణెం అరుదైంది, విలువ పెద్దది, మామూలు మనిషి రోజువారీ బతుక్కి ఇమడనిది. 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభలో షార్లమేన్ రొట్టెల ధర కట్టడి చేశాడు. రెండేసి పౌన్ల గోధుమ రొట్టెలు పన్నెండు కలిపి ఒక దెనియే. ఊహించండి, ఆ రాజ్యంలో ఉన్న మామూలు నాణెంతో ఒక పూట ఒక రొట్టె కొనలేవు, కొంటే డజను కొనాలి. మరి అలాంటి నాణెం రైతుకెందుకు? రైతు సరదాపడి కాదు. కౌలు కట్టాలి, జరిమానా కట్టాలి, దొరకి నాణెమే కావాలి. అందుకని రైతు తన పంటనో పందినో తీసుకుని సంతకు పోయి ఆ నాణేన్ని వెతుక్కోవాలి. నాణెం కోసం పడే ఆ తిప్పలో, దాన్ని ఇచ్చేవాడి మీద ఆధారపడే తీరులో, సంఘంలో ఎవరి స్థానం ఏంటో తేలిపోతుంది. నాణేలు తక్కువ ఉన్నచోట వాటి అధికారం తక్కువేమీ కాదు, ఒక్కోసారి ఎక్కువ.

పెన్నీలు ఎక్కువ ఉన్నచోట కథ ఇంకో రకం. 991లో మాల్డన్ యుద్ధంలో ఓడాక ఇంగ్లండ్ వైకింగులకు పది వేల పౌన్లు కట్టింది. అంటే 24 లక్షల పెన్నీలు. ఆ కాలపు ఇంగ్లీషు పెన్నీలు ఇంగ్లండ్‌లో కన్నా స్కాండినేవియా మట్టిలోనే ఎక్కువ దొరికాయి. మ్యూజియం అద్దం వెనక అవి మెరుస్తుంటే సంపదలా కనిపిస్తుంది. నిజానికి అది వసూలు.

ఈ కళ్లద్దాలు పెట్టుకుని వేములవాడకు పోదాం. పదో శతాబ్దం నడుమ. ఇంగ్లండ్‌లో అథెల్‌స్టన్ రాజు రాజ్యమంతటా ఒకే నాణెం నడవాలని చట్టం చేసి కాలం చేసిన కొద్దికాలానికే, ఇక్కడ రాష్ట్రకూటుల సామంతుడు, వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి కొలువులో పంప తన కావ్యాలు పూర్తిచేశాడు. అది 941. పంప తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద మూడు భాషల్లో శాసనం చెక్కించాడు, అందులోని కంద పద్యాలు మన భాషకు ప్రాచీన హోదా వాదనలో పెద్ద సాక్ష్యం అయ్యాయి. 959లో సోమదేవసూరి 'యశస్తిలక' పూర్తిచేసింది కూడా ఈ చాళుక్యుల నీడలోనే. ఇప్పటి సిరిసిల్ల, కరీంనగర్ జిల్లాల ఈ ముక్క ఆ వందేళ్లలో ఇచ్చినంత సాహిత్యం చాలా పెద్ద రాజధానులు కూడా ఇవ్వలేదు.

ఆ కవికి ముట్టింది ఏంటి? అగ్రహారం. ఊరు, దాని పొలాలు, దాని రాబడి. శర్మ చూస్తే, చూశారా, రాజు దగ్గర నగదు లేదు, భూమి పంచుతున్నాడు అంటాడు. మరి పక్కనే సోమదేవుడు రాజనీతి మీద రాసిన 'నీతివాక్యామృతం'లో కోశానికి ఒక అధ్యాయమే ఉంది. రాష్ట్రకూటులవని గట్టిగా చెప్పగలిగిన నాణేలు చాలా తక్కువ, కానీ వాళ్ల శాసనాల్లో ద్రమ్మాలు, గద్యాణాలు వినిపిస్తూనే ఉంటాయి. 851 నాటి అరబ్బు వృత్తాంతం ఒకటి ఈ రాజును బల్హరా అని పిలుస్తూ, ఆయన రాజ్యంలో తాతారీ దిర్హములు నడుస్తాయని చెప్పింది. ద్రమ్మం, దిర్హము, రెండూ గ్రీకు ద్రఖ్మా సంతానం. అదే దిర్హము ఇంకో దారిలో వోల్గా మీదుగా వైకింగుల దగ్గరికి పోయింది. 1999లో స్వీడన్ గాట్‌లండ్ దీవిలో స్పిల్లింగ్స్ అనే చోట ఒక్క నిధిలో 67 కిలోల వెండి, 14 వేలకు పైగా నాణేలు దొరికితే వాటిలో దాదాపు అన్నీ అరబ్బు నాణేలే. అంటే గోదావరికి ఇటు మనం, బాల్టిక్‌లో వాళ్లు, ఒకే వెండి ప్రపంచపు రెండు అంచుల్లో ఉన్నాం. మనది చీకటి గది ఏమీ కాదు.

కాబట్టి 'వెండి లేదు, అందుకే పతనం' అనేది ఇక్కడ నిలబడదు. అట్లని, 'వెండి లేకపోయినా మన ఊళ్లు చల్లగా బతికాయి' అనే ఇంకో అందమైన కథ వైపు జారిపోవద్దు. ఆ కథ కూడా మనకు ఇష్టమే. పంటకోతకు మంగలికి, చాకలికి, కమ్మరికి కళ్లంలోనే మేర కొలిచేవాళ్లు, కుంచాలతో మానెళ్లతో లెక్కలు తేలిపోయేవి, పైసల గొడవే లేదు అని పెద్దవాళ్లు చెప్తారు. నిజమే. కానీ అదే ఊళ్లో మేరకు పక్కనే వెట్టి ఉండేది. వెట్టి అంటే నాణెంతో కొలవని పన్ను. 1978లో జగిత్యాల జైత్రయాత్రకు జనం ఎందుకు కదిలారో తెలిసినవాళ్లకు, నాణెం లేని ఊరు స్వర్గమని చెప్పలేం. పంపకిచ్చిన అగ్రహారంలోనూ రాబడి దానంతట అది రాలేదు. ఎవరో పండించారు, ఎవరో మోశారు. వాళ్ల పేర్లు కంద పద్యంలో లేవు.

నాణెం వచ్చాక బాగుపడ్డారా అంటే, అదీ అంత సులువు కాదు. 19వ శతాబ్దం రెండో సగంలో సాలార్ జంగ్ సంస్కరణలతో నిజాం రాజ్యంలో శిస్తు ధాన్యపు వంతు నుంచి నగదుకు మారింది. ఇప్పుడు రైతుకు గింజలతోపాటు హాలీ సిక్కా కావాలి. గడువు లోపల కావాలి. అప్పుడు సాహుకారు గడప ఎక్కాలి. ఫ్రాంకుల రైతు దెనియే కోసం పడిన తిప్పే వెయ్యేళ్ల తరువాత కోరుట్ల రైతు పడ్డాడు. మా ముత్తాత అప్పు కాగితాల కథ ఇంట్లో ఇంకా చెప్పుకుంటారు. నైస్మిత్ చదువుతున్నప్పుడు నాకు అవే గుర్తొచ్చాయి.

మూడు పుస్తకాల మీదా నా తీర్పు అడిగితే ఇట్లా చెప్తాను. శర్మ రైతును చూశాడు గాని నాణేన్ని తప్పు చదివాడు. డెయెల్ నాణేన్ని సరిగ్గా లెక్కపెట్టాడు, అయితే ఆయన దృష్టి మొత్తం పరిమాణం మీద, ఆ రాగి కలిసిన ముక్క చేతిలో పెట్టుకుని నిలబడ్డ మనిషి మీద తక్కువ. పైగా ఆయన పుస్తకం ఉత్తర భారతానికే పరిమితం, వింధ్య దాటదు. నైస్మిత్ రెంటినీ కలుపుతాడు, అందుకే ముగ్గురిలో నాకు ఆయనే దగ్గరయ్యాడు. ఆయన రైతు కూడా ఎక్కువగా మఠాల, దొరల లెక్కల పుస్తకాల్లోంచే మాట్లాడతాడు. అది ఆయన తప్పు కాదు, మిగిలిన కాగితం అంతే. కానీ మన దగ్గర మనుషుల నోట ఇంకా మిగిలి ఉన్నది చాలా ఉంది, దాన్ని రాసుకునే పని మనది. కోటిలింగాల నుంచి వేములవాడ మీదుగా హాలీ సిక్కా దాకా, ఈ నేల మీద ఎవరు ఎవరికి దేంతో చెల్లించారు అని ఒకే వరసలో అడిగే తెలుగు పుస్తకం నాకు కావాలి. పేర్ల జాబితా కాదు, చెల్లింపుల చరిత్ర.

ఎందుకంటే ఈ ప్రశ్న పాతబడలేదు. జగిత్యాల బస్టాండు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. దిర్హము రేటు ఎంతో మా ఊరి పిల్లలకు కూడా తెలుసు. దుబాయిలో, షార్జాలో పనిచేసే కొడుకు పంపే దిర్హములు ఇక్కడ రూపాయలై, వీసా కోసం చేసిన అప్పుకు వడ్డీ అయ్యి, మిగిలితే బంగారం అవుతాయి. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాళ్ల కూలీ, ఆర్డరు ఇచ్చినవాడు ఎప్పుడు బిల్లు తీరిస్తే అప్పుడే. బీడీలు చుట్టే ఆడవాళ్లకు వెయ్యి బీడీలకింత అని లెక్క. ఇంత పైస చుట్టూ తిరుగుతున్నా, పైసను అడిగేవాడు ఒకచోట, దాని కోసం తిరిగేవాడు ఇంకోచోట. వెయ్యేళ్ల తరువాత ఎవరైనా మా ఊరు తవ్వి దిర్హము నాణేలు దొరికితే, "గొప్ప అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం" అని రాస్తారేమో. రాయనీయకూడదు.

బాపమ్మ పోయాక కడియాలు ఇద్దరు మేనత్తలకు చెరొకటి వచ్చాయి. వైకింగులు వెండిని ముక్కలుగా నరికి తూకమేసి పంచుకునేవాళ్లు, మా దగ్గర నరకాల్సిన అవసరం రాలేదు, అంతే తేడా. చిన్న మేనత్త తనదాన్ని మార్పిద్దామని షాపుకు తీసుకుపోతే, మిషన్ మీద పెట్టి చూసి, వెండి నూటికి ఎనభై చిల్లరే ఉందని, మిగతా అంతా రాగి అని ధర కోసేశారు. మోసం చేశారని అత్త కోపం. మోసం కాదు. ఉస్మాన్ అలీ ఖాన్ తొలికాలపు హాలీ రూపాయిలో వెండి నూటికి 82 వంతులే, ఇంగ్లీషువాళ్ల కల్దార్‌లో 92. నిజాం టంకశాల కలిపిన రాగి కడియంలోనూ అట్లాగే ఉండిపోయింది.

వెండి యాడికి పోతది అనేది బాపమ్మ. పోదు, నిజమే. కానీ దాన్ని నాణెం చేసినవాడు తీసుకున్న వంతు కూడా ఎటూ పోలేదు. డెబ్బై ఏళ్లు ఆమె కాలికే ఉంది.